అవగాహన లేనిది ఎవరికి?

పోస్టు పెద్దది. హాస్టల్లో కరెంటు పోయిన రెండు రాత్రులు మేం నలుగురం కూర్చుని వాదించుకున్నదే ఇది. తీరిక ఉన్నప్పుడు చదవండి. తిట్టాలనిపిస్తే మొత్తం చదివాక తిట్టండి.

వారం నుంచి గ్రూపులో మళ్ళీ ఒక డోలీ వీడియో తిరుగుతోంది. కర్రకి దుప్పటి కట్టి, నిండు గర్భిణిని నలుగురు మోసుకుని వాగు దాటుతున్నారు. కింద కామెంట్లు రెండు రకాలు. ఒకటి, "ఎన్నాళ్ళీ డోలీ మోతలు" అని. దాంతో మాకు పేచీ లేదు. రెండోది, "నెలలు నిండేదాకా ఇంట్లోనే కూర్చుంటారు, ముందే ఆస్పత్రికి వెళ్ళొచ్చుగా, మనోళ్ళకి అవగాహన లేదు" అని. ఇది రాసింది బయటివాళ్ళు కాదు. మనవాళ్ళే. డిగ్రీ చదివేవాళ్ళు, నర్సింగ్ చదివేవాళ్ళు. మేం రాస్తున్నది ఈ రెండో మాట మీద.

ఆ మాట ఎలా తిరుగుతుందో చూడండి. జ్వరాలు ముదిరితే అవగాహన లేదు. బాలింత చనిపోతే అవగాహన లేదు. పిల్ల బరువు తక్కువుంటే తల్లికి అవగాహన లేదు. దోమతెరతో చేపలు పట్టారంట, అవగాహన లేదు. రోడ్డు పడకపోవడానికి, నర్సు పోస్టు ఖాళీగా ఉండడానికి, టెస్టు కిట్లు అయిపోవడానికి మాత్రం ఎవరి అవగాహనా కారణం కాదు, వాటికి "సాంకేతిక కారణాలు" ఉంటాయి. నింద ఎటు తిరిగినా వచ్చి మన నెత్తి మీదే కూర్చుంటుంది.

అవగాహన సదస్సులు మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. స్కూలు అరుగు మీద ఫ్లెక్సీ కడతారు. మైకు పెడతారు. భోజనానికి ముందు చేతులు కడుక్కోవాలంటారు, ఊరికి నీళ్ళొచ్చేది గెడ్డ నుంచి. నీళ్ళు కాచి చల్లార్చి తాగాలంటారు, ఆ కాచడానికి కట్టెలు ఎవరు మోస్తారో అడగరు. గర్భిణులు పాలు, గుడ్లు, పళ్ళు తినాలంటారు. ఇదంతా పుస్తకం తెలుగులో. ముందు వరసలో కూర్చున్న మన అమ్మమ్మలకి కువి వచ్చు, ఆదివాసీ ఒడియా వచ్చు, సవర వచ్చు, సంతలో బేరమాడేంత తెలుగు వచ్చు. వాళ్ళు మర్యాద తెలిసిన మనుషులు కాబట్టి తలూపుతారు. ఫొటో తీస్తారు. ఫొటోలో అందరూ అవగాహన పొందినట్టే కనిపిస్తారు.

(తిండి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మన తాతలు చోడి అంబలి తాగి, సామలు వండుకుని తింటే వెనకబడినవాళ్ళు. ఇప్పుడు అవే చోళ్ళు రాగి మాల్ట్ పేరుతో ప్యాకెట్లో వస్తే పౌష్టికాహారం. ఎవరికి ఎవరు నేర్పాలో మరి.)

అసలు మన తల్లులకి తెలియనిది ఏంటి? రోజు విడిచి రోజు చలి జ్వరం వస్తే అది మలేరియా అని కొండమీద ఏ ఆడమనిషిని అడిగినా చెప్తుంది. కింద పీహెచ్‌సీలో మాత్రలు ఉచితంగా ఇస్తారనీ తెలుసు. తెలిసి కూడా ఆమె ఒక రోజు ఆగుతుంది. ఎందుకు? ఆమె లెక్క వేసుకుంటోంది. కాఫీ పళ్ళు కోసే సీజను, ఈరోజు కూలి పోతుంది. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలు. ఆటో దొరికే చోటికి రెండు గంటలు దిగాలి, ఆటోకి డబ్బులివ్వాలి. అక్కడ రక్తం తీసేవాళ్ళు ఉండాలి, ఉన్నా రిపోర్టు రావాలి, చీకటి పడేలోపు మళ్ళీ కొండెక్కాలి. మందు ఉచితమే, దారి ఉచితం కాదు. ఆ లెక్క తప్పిన రోజు పిల్ల చేజారిపోతుంది. ఈ లెక్కని అవగాహన లేకపోవడం అంటున్నారు. ఊరిలో పది ఇళ్ళకి ఒక చోట రక్తం చుక్క చూసే కిట్టూ, మాత్రలూ ఉండుంటే ఆమె ఒక్క గంట కూడా ఆగేది కాదు.

అంకెలు కావాలనేవాళ్ళకి అంకెలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఐదేళ్ళు నిండకుండా చనిపోతున్నది 42 మంది. ఎస్టీల్లో 50 మంది. ఆ ఎక్కువైన ఎనిమిది మంది ఏ పాఠం వినకపోవడం వల్ల చనిపోయారో చెప్పండి.

ఇంకో లెక్క. మైదానంలో 30 వేల జనాభాకి ఒక పీహెచ్‌సీ, గిరిజన ప్రాంతంలో 20 వేలకే ఒకటి. సబ్ సెంటర్ మైదానంలో 5 వేలకి, మనకి 3 వేలకి. వినడానికి మనకేదో ఎక్కువ ఇచ్చినట్టే ఉంటుంది. కానీ మైదానంలో 5 వేల మంది అంటే రెండు మూడు ఊళ్ళు, సైకిలు మీద తిరిగొచ్చేస్తారు. మన దగ్గర 3 వేల మంది అంటే నాలుగు కొండల మీద, రెండు గెడ్డల అవతల, ఇరవై ముప్ఫై ఇళ్ళు ఒకచోట, పది ఇళ్ళు ఒకచోట. తలలు లెక్కపెట్టారు, అడుగులు లెక్కపెట్టలేదు. కొన్ని కొండ, ఎడారి జిల్లాలకి "ఊరి నుంచి అరగంట నడకలో సబ్ సెంటర్" అనే కొలత కేంద్రం మార్గదర్శకాల్లోనే ఉంది. మన కొండలకి ఆ కొలత ఎందుకు వాడరని అడిగినవాళ్ళు మాకు కనపడలేదు. అడగాల్సింది అది. మనం డోలీ వీడియో ఫార్వర్డ్ చేసి కూర్చుంటున్నాం.

"మరి ఏం చెయ్యమంటారు, ఊరికో డాక్టరుని పెట్టమంటారా?" అని ఒక అన్న అడిగాడు. అక్కర్లేదు అన్నా. మన చుట్టుపక్కలే జరిగిన మూడు సంగతులు చెప్తాం.

బోర్డరు అవతల ఒడిశా. కోరాపుట్, మల్కన్‌గిరి కొండలకీ మన కొండలకీ తేడా ఏంటి? అదే అడవి, అవే దోమలు, సంతలు కూడా చాలాచోట్ల ఒకటే. 2016లో ఒడిశా మొత్తం మీద నాలుగు లక్షల పైన మలేరియా కేసులు. 2017లో దమన్ అని ఒక కార్యక్రమం పెట్టారు. దారి లేని ఊళ్ళకే ముందు వెళ్ళారు. జ్వరం ఉన్నా లేకపోయినా ఊరందరికీ రక్తం చూశారు, ఎందుకంటే పైకి జ్వరం కనపడకుండా ఒంట్లో మలేరియా మోసేవాళ్ళుంటారు. దొరికినవాళ్ళకి అక్కడికక్కడే మందు వేశారు. ఇంటింటికీ మందు దోమతెరలు ఇచ్చారు. మధ్య నెలల్లో ఊరి ఆశా చేతిలో కిట్టు, మాత్రలు ఉంచారు. 2018కి కేసులు 70 వేల లోపుకి వచ్చేశాయి. ఆ రెండేళ్ళలో ఒడిశా ఆదివాసీకి కొత్తగా అవగాహన పుట్టుకొచ్చిందా? కిట్టు ఊరికి వచ్చింది, అంతే.

రెండోది, ప్రాణహిత అవతల గడ్చిరోలి. ఆసిఫాబాద్ వైపు మన గోండు అన్నలకి ఆ పేరు బాగా తెలుసు. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 ఊళ్ళలో, ఊరికి ఒక ఆడమనిషిని ఆ ఊరి నుంచే తీసుకుని నేర్పించారు. వాళ్ళు చదివింది ఐదు నుంచి పది తరగతుల లోపే. పుట్టిన పిల్లని తూయడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి ఆడకపోతే ఏం చెయ్యాలో, ఒళ్ళు విషమిస్తే గుర్తుపట్టి మందు సూది ఎలా ఇవ్వాలో నేర్పారు. మూడో ఏడాదికి, ఆ పని జరగని పక్క ఊళ్ళతో పోలిస్తే నెల లోపు పిల్లల చావులు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. దేశంలో పెద్ద పెద్ద డాక్టర్లు "చదువురాని ఆడవాళ్ళు సూది వెయ్యడమేంటి" అన్న కాలం అది. 2011 నుంచి దేశమంతా ఆశాలు బాలింత ఇంటికి వెళ్తున్న పద్ధతికి మూలం ఇదే. మీ ఊర్లో ఎవరైనా ఆస్పత్రిలో పురుడు పోసుకుని వస్తే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా ఇంటికి రావాలి. ఇంట్లో పురుడైతే మొదటి రోజు కూడా. ఇది రాసుంచుకోండి. వస్తోందా లేదా అడగండి. రాకపోతే ముందు ఆశాని తిట్టొద్దు, ఎందుకు రాలేకపోతోందో అడగండి.

మూడోది మాకు అన్నిటికంటే నచ్చింది. జార్ఖండ్‌లో పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా, ఒడిశాలో కియోంఝర్. హో, సంతాల్, ముండా జనం ఎక్కువగా ఉండే చోట్లు. ఏక్‌జుట్ అనే సంస్థ అక్కడ డాక్టర్లని పంపలేదు, మందులూ పంచలేదు. ఆ ప్రాంతం మహిళనే ఒకరిని పెట్టి, నెలకోసారి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టింది. కథలు, బొమ్మల కార్డులు, ఆటలు. అదంతా వాళ్ళ మాటలోనే. మన ఊర్లో పిల్లలు ఎందుకు చనిపోతున్నారు? వాటిల్లో ముందు దేన్ని పట్టుకుందాం? మనం ఏం చెయ్యగలం? చేశాం, ఏమైంది? ఇరవై మీటింగుల్లో ఈ నాలుగు ప్రశ్నలే. జవాబులు వాళ్ళే చెప్పుకున్నారు. కొన్ని ఊళ్ళు దారి ఖర్చుకి అందరూ కలిసి డబ్బు దాచుకున్నాయి. పురుడు పోసేవాళ్ళు చేతులు కడుక్కోవడం, బొడ్డుకి కాచిన దారం, కొత్త బ్లేడు వాడడం పెరిగింది. మూడేళ్ళ లెక్కలో నెల లోపు పిల్లల చావులు 32 శాతం తగ్గాయి. చివరి రెండేళ్ళు చూస్తే 45 శాతం. 2010లో ఇది కూడా లాన్సెట్‌లోనే వచ్చింది. ఇంకో సంగతి, అందరికంటే పేద ఇళ్ళల్లో, అంటే చదువు లేని, భూమి లేని తల్లుల దగ్గర, ఇంకా ఎక్కువ తగ్గాయి. మామూలుగా ఏ పథకం వచ్చినా రోడ్డు పక్క ఊరికీ కాస్త ఉన్నోళ్ళకీ ముందు అందుతుంది, కొండమీదోళ్ళకి చివర్లో మిగిలింది వస్తుంది. ఇక్కడ తిరగబడింది. 2016లో వచ్చిన ఇంకో అధ్యయనంలో ఇవే మీటింగులు ఆశాలే నడిపితే కూడా చావులు 31 శాతం తగ్గాయి.

గమనించండి, చేతులు కడుక్కోవాలనే మాట ఫ్లెక్సీ మీదా ఉంది, ఆ మీటింగుల్లోనూ ఉంది. ఫ్లెక్సీ వాళ్ళు చెప్పి వెళ్ళిపోయారు. అక్కడ ఆడవాళ్ళు తమకి తామే తీర్మానించుకున్నారు. అందుకే మేమంటాం, మనకి తక్కువైంది మన ఊరి ఆరోగ్యం మీద పని, పైసా, పెత్తనం. ఈ మూడూ కింద కొండ దిగువన ఉన్నంతకాలం డోలీ మోతలు ఆగవు.

ఇప్పుడు గ్రూపులో వచ్చే ఎదురు వాదన. "మరి దిసారి దగ్గరకి, గురువు దగ్గరకి ఎందుకు వెళ్తారు?" దీనికి మేం దాచుకోకుండా రాస్తాం. పాము కరిస్తే మంత్రం పని చెయ్యదు. మలేరియా మెదడుకెక్కిన పిల్లకి తాయెత్తు పని చెయ్యదు. అలా ఆలస్యమై ప్రాణాలు పోయాయి, మన ఊళ్ళలో అందరికీ తెలుసు. సంస్కృతి పేరు చెప్పి దీన్ని వెనకేసుకొచ్చేవాళ్ళతో మాకు పొత్తు లేదు. కానీ ఆయన దగ్గరకి ఎందుకు వెళ్తున్నారో కూడా చూడాలిగా. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. మన మాట మాట్లాడతాడు. డబ్బు లేకపోతే పంట వచ్చాక ఇమ్మంటాడు. పేషంటు పక్కన కూర్చుంటాడు. "ఎన్నో కాన్పు? మళ్ళీ వచ్చావా? కాస్త శుభ్రంగా రావచ్చుగా" అని పురిటి నొప్పుల్లో ఉన్న మనిషిని అనడు. ఆస్పత్రిలో ఈ మాటలు పడని ఇల్లు మా హాస్టల్లో ఒక్కటి కూడా లేదు. ఆ ఆస్పత్రి పేరు రాయం, ఎందుకంటే ఒక్కచోట జరిగేది కాదు. దిసారిని తిట్టడం తేలిక. జ్వరం పిల్ల వస్తే ముందు ఆశా దగ్గర రక్తం చూపించి రమ్మను, తర్వాత నీ పూజ నువ్వు చేసుకో అని ఆయన్ని ఊరి మీటింగులో కూర్చోబెట్టి ఒప్పించడం కష్టం. ఆ కష్టం పని బయటి ఆఫీసరు చెయ్యలేడు. ఊరి మనిషే చెయ్యాలి.

ఇంకో వాదన, "రోడ్డు వేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి." రోడ్డు కావాలి. 108 బండి మన రాష్ట్రంలో మొదలైంది 2005లో, ఇప్పటికీ అది ఎక్కలేని ఊళ్ళున్నాయంటే సిగ్గుపడాల్సింది మనం కాదు. అయితే డోలీ వీడియోలో కనపడేది చివరి రెండు గంటలే. ఆమె తొమ్మిది నెలలూ రక్తం తక్కువతో కాఫీ బస్తాలు మోసింది, అది ఎవరూ షూట్ చెయ్యలేదు. ఐరన్ మాత్రలు మూడు నెలలు రాలేదు, దానికి లైకులు రావు. రోడ్డు పడ్డ ఊళ్ళలో కూడా రక్తహీనత ఉంది, టీబీ ఉంది, బీపీ ఉంది. సాలూరులో ఐటీడీఏ పెట్టిన గర్భిణుల వసతి గృహం మంచి ఆలోచన, నెలలు నిండేముందే తెచ్చి ఉంచుతారు, తిండి పెడతారు. కానీ ఇంటి దగ్గర మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారు, పొలం కోత ఎవరు కోస్తారు? ఈ ప్రశ్నకి జవాబు ఊర్లోనే ఉంది, జిల్లా ఆఫీసులో లేదు. ఊరు కూర్చుని "ఈ నెల ఫలానా ఇంటి పిల్లల్ని మేం చూస్తాం" అనుకుంటే ఆమె ముందే వెళ్తుంది. లేకపోతే చివరిదాకా ఆగుతుంది, మనం వీడియో తీస్తాం.

సికిల్ సెల్ కూడా అంతే. 2023 జూలైలో కేంద్రం పెద్ద మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలన్నారు. మా హాస్టల్లో కూడా వచ్చి రక్తం తీసుకెళ్ళారు. ఎవరికి ఏం వచ్చిందో కాగితం మాకు ఇప్పటికీ రాలేదు. ఇంకోచోట కార్డు ఇచ్చారంట, వివరం చెప్పలేదంట, ఇప్పుడు ఆ కార్డు చూసి పెళ్ళి సంబంధం వద్దంటున్నారు. సరిగ్గా చెప్పాలంటే ఇంతే: ఒక జీను మాత్రమే ఉన్నవాళ్ళు రోగులు కారు, మామూలుగా బతుకుతారు. అలాంటి ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం. జబ్బు ఉన్నవాళ్ళకి కూడా హైడ్రాక్సీయూరియా లాంటి మందులున్నాయి. ఈ నాలుగు ముక్కలు కువిలో, గోండిలో, సవరలో చెప్పే మనిషి లేకుండా ఏడు కోట్ల కార్డులు పంచితే ఏడు కోట్ల పుకార్లు పంచినట్టే.

ఇక చట్టం. పెసా అనగానే మనకి ఇసుక, సారా, భూమి, వెదురు గుర్తొస్తాయి. 1996 పెసా చట్టం సెక్షన్ 4లో (ఎం) కింద ఆరో అంశం తీసి చదవండి. సామాజిక రంగాలన్నిటిలో ఉన్న సంస్థల మీద, సిబ్బంది మీద నియంత్రణ గ్రామసభకీ, తగిన స్థాయి పంచాయతీకీ ఉండాలని రాసుంది. సామాజిక రంగం అంటే బడి, అంగన్‌వాడీ, సబ్ సెంటర్, పీహెచ్‌సీ. పంచాయతీ ఖర్చుపెట్టిన డబ్బుకి గ్రామసభ నుంచి వినియోగ ధృవీకరణ తీసుకోవాలని కూడా అదే సెక్షన్లో ఉంది. మన రాష్ట్రంలో పెసా నియమాలు 2011లో వచ్చాయి. అప్పటి నుంచి ఎన్ని గ్రామసభలు "మా సబ్ సెంటర్ తలుపు నెలలో ఎన్ని రోజులు తీశారు" అని అడిగాయి? టీచర్ పోస్టుల జీవో 3 ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు మనం రోడ్డెక్కాం, ఎక్కాలి కూడా. మన భాష వచ్చిన నర్సు కోసం అలా ఎందుకు ఎక్కం?

ఊరి ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ అని ఒకటుంది. ఏడాదికి పది వేల రూపాయలు ఏ షరతూ లేని నిధి దాని చేతికి రావాలి. చిన్న మొత్తమే, కానీ రాత్రిపూట ఒక గర్భిణికి జీపు కట్టడానికి ఎవరి సంతకమూ అక్కర్లేని డబ్బు. మీ ఊర్లో ఆ కమిటీలో ఎవరున్నారో చెప్పగలిగినవాళ్ళు ఈ గ్రూపులో ఎంతమంది? చాలాచోట్ల సభ్యులకే తాము సభ్యులమని తెలియదు. అదిగో, అవగాహన లేకపోవడం అంటే అదీ, దాన్ని అలా ఉంచింది ఎవరు?

ఆశాల గురించి రెండు మాటలు. నియమం ప్రకారం వెయ్యి మందికి ఒకరు, కొండ ప్రాంతాల్లో ఆవాసానికి ఒకరిని కూడా పెట్టొచ్చు. ఆమె ఆ ఊరి మనిషై ఉండాలి, గ్రామసభ ఎంచుకోవాలి. 2019లో ఆంధ్రలో గౌరవ వేతనం పది వేలు చేశారు, మంచిదే. కానీ ఆమె ఇప్పుడు పిల్లల్ని చూడ్డం కంటే ఫోన్లో ఎంట్రీలు కొట్టడానికి సిగ్నలు కోసం గట్టెక్కి నిలబడ్డమే ఎక్కువగా ఉంది. ఆమె మన వదిన, మన చిన్నమ్మ. ఆమెని ప్రభుత్వం గుమస్తాని చేస్తే, మనం గ్రామసభలో ఆమె వైపు నిలబడాలి.

సంక్రాంతి సెలవులకి అందరం ఊళ్ళకే వెళ్తాం. ఈసారి ఈ పని పెట్టుకోండి. పెద్దవాళ్ళని, అక్కల్ని, ఆశాని, కుదిరితే దిసారిని కూడా ఒక చెట్టు కింద కూర్చోబెట్టండి. మీరు ఉపన్యాసం ఇవ్వొద్దు. మొన్న ఏడాది మన ఊర్లో ఎవరెవరు చనిపోయారు, ఒక్కొక్కరు ఎందుకు, ఎక్కడ ఆగిపోయాం అని అడిగి వాళ్ళు చెప్పింది రాయండి. ఇప్పుడు గర్భంతో ఉన్నవాళ్ళ పేర్లు, నెలలు, నొప్పులొస్తే ఎవరు మోస్తారు, ఎవరి ఫోను, ఎవరి జీపు, పిల్లల్ని ఎవరు చూస్తారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అంగన్‌వాడీ గోడకి అంటించండి. తర్వాత గ్రామసభ తీర్మానం: మలేరియా కిట్లు, మాత్రలు మా ఆశా దగ్గర ఎప్పుడూ ఉండాలి, కమిటీ ఖాతా పుస్తకం మా ముందు చదవాలి, మా భాష వచ్చిన మనిషిని పీహెచ్‌సీలో పెట్టాలి. ఒక కాపీ పీవో గారికి, ఒకటి మెడికల్ ఆఫీసరుకి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ముప్ఫై రోజుల్లో కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో మేం రాసిస్తాం, ఇన్‌బాక్స్‌లోకి రండి.

తీర్మానం ఫొటో ఈ గ్రూపులోనే పెట్టండి. సంతకాలు, వేలిముద్రలు కనపడేలా వెలుతురులో తియ్యండి. గర్భిణుల పేర్లున్న కాగితం మాత్రం పెట్టొద్దు, అది ఊరిదే.